14.05 రూపాయలు ఫైల్లో ఎలా దాగుంటాయి, పైసల తేడా ఎక్కడ పుడుతుంది

ముందు మీరు అడిగింది ఒకచోట పెడతాను. మాదాపూర్‌లో మీ టీమ్ పాత మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే ఐబీఎమ్ పెద్ద కంప్యూటర్) బిల్లింగ్ ఫైళ్లను పార్కెట్ అనే కాలమ్‌లవారీ డేటా ఫైలు రూపంలోకి మారుస్తోంది. మూడు చిక్కులు వచ్చాయి. 14.05 ఉండాల్సిన చోట 12.02 వస్తోంది. కొన్ని కాలమ్‌లలో అంకెల చివర ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తున్నాయి. అంతా సరిగ్గా వచ్చిందనుకున్న బిల్లుల్లో కూడా జీఎస్టీ ఒకటి రెండు పైసలు అటూఇటూ అవుతోంది. ఈ మూడింటికీ ఒకే మందు లేదు. ఒకటి ఫైలును తెచ్చేటప్పుడు, ఒకటి చదివేటప్పుడు, ఒకటి లెక్క వేసేటప్పుడు పుట్టిన తప్పు.

ఫైల్లో ఉండేవి బైట్లే. వాటిని ఏ అంకెలుగా చదవాలో, చుక్క ఎక్కడ పెట్టాలో చెప్పే సమాచారం చాలాసార్లు ఆ బైట్లలో ఉండదు, ఇంకోచోట ఉంటుంది. 14.05 నే రకరకాలుగా రాసి చూద్దాం. ఆస్కీ మామూలు కంప్యూటర్ల అక్షర కోడు, ఎబ్సిడిక్ ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడు, కోబాల్ పాత బిల్లింగ్ ప్రోగ్రాముల భాష. ఎస్9(7)వి99 అంటే ప్లస్ మైనస్ గుర్తుతో ఏడు అంకెలు, చుక్క తర్వాత రెండు. హెక్సాలో (16 ఆధారంగా, 9 తర్వాత ఎ నుంచి ఎఫ్ దాకా అంకెలుగా రాసే పద్ధతి) బైట్లు ఇలా ఉంటాయి:

ఆస్కీ టెక్స్ట్: 31 34 2ఇ 30 35
ఎబ్సిడిక్ టెక్స్ట్: ఎఫ్1 ఎఫ్4 4బి ఎఫ్0 ఎఫ్5
కోబాల్ ఎస్9(7)వి99 కాంప్-3: 00 00 01 40 5సి
కోబాల్ ఎస్9(7)వి99 కాంప్: 00 00 05 7డి
పార్కెట్ డెసిమల్(9,2): 7డి 05 00 00

టెక్స్ట్‌లో చుక్కకు కూడా ఒక బైటు ఉంది. మిగతా మూడింటిలో చుక్క లేనే లేదు. కోబాల్‌లో అది కాపీబుక్‌లోని (రికార్డులో ఏ ఫీల్డు ఎక్కడ ఉందో, ఏ రకమో చెప్పే వివరణ) ‘వి’ అక్షరంలో ఉంటుంది, పార్కెట్‌లో స్కీమాలో, అంటే కాలమ్‌ల వివరణలో ఉంటుంది. బైట్లలో ఉన్నది 1405 మాత్రమే. అందుకే కాపీబుక్ లేకుండా ఆ ఫైలు ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. స్కేలు (చుక్క తర్వాతి అంకెల సంఖ్య) ఒక్క స్థానం తప్పితే ప్రతి బిల్లూ పది రెట్లో పదో వంతో అవుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు.

ఇప్పుడు మీ మొదటి చిక్కు. కాంప్-3 అంటే ప్యాక్డ్ డెసిమల్. ఒక్కో బైటులో రెండు అంకెలు పడతాయి, చివరి అర బైటు గుర్తుకు పోతుంది. సి అంటే ప్లస్, డి అంటే మైనస్, ఎఫ్ అంటే గుర్తు లేని సంఖ్య. తొమ్మిది అంకెలూ ఒక గుర్తూ కలిపి పది అర బైట్లు, అంటే 5 బైట్లు. పది అంకెలైతే 6 బైట్లు, మొదటి అర బైటు సున్నాగా మిగిలిపోతుంది.

ఈ ఫైలును ఎఫ్‌టీపీలో (ఒక యంత్రం నుంచి ఇంకోదానికి ఫైళ్లు పంపే పద్ధతి) ఆస్కీ మోడ్‌లో తెస్తే ఆ ప్రోగ్రాము ప్రతి బైటునూ ఒక అక్షరం అనుకుని ఎబ్సిడిక్ నుంచి ఆస్కీకి మార్చేస్తుంది. ఎబ్సిడిక్‌లో 40 అంటే ఖాళీ, ఆస్కీలో ఖాళీ అంటే 20. ఎబ్సిడిక్‌లో 5సి అంటే నక్షత్రం గుర్తు, ఆస్కీలో అదే 2ఎ. కాబట్టి 00 00 01 40 5సి కాస్తా 00 00 01 20 2ఎ అయ్యింది. ఐబీఎమ్ యంత్రాల నియమం ప్రకారం గుర్తు స్థానంలో ఎ, సి, ఇ, ఎఫ్ నాలుగూ ప్లస్సే. అంటే చివరనున్న ఎ కూడా చెల్లుబాటయ్యే గుర్తు. అంకెలు 000001202, చుక్క పెడితే 12.02. మీరు చూసింది సరిగ్గా ఇదే.

ఇందులో భయపడాల్సింది ఏమిటంటే, చదివే ప్రోగ్రాముకు ఏ అనుమానమూ రాదు. కొన్ని రికార్డులు చెల్లని గుర్తుతో ఆగిపోతాయి, కొన్ని ఇలా నిశ్శబ్దంగా తప్పుడు డబ్బుగా మారతాయి. ఆగిపోయినవాటిని మాత్రమే సరిదిద్దితే రెండో రకం లోపలే ఉండిపోతుంది. ఆ ఫైలును బాగుచేసే ప్రయత్నం కూడా వద్దు. మార్పిడిలో కొన్ని వేర్వేరు బైట్లు ఒకే బైటుగా మారిపోయి ఉండొచ్చు, వెనక్కి తిప్పే దారి ఉండదు. బైనరీ మోడ్‌లో మళ్లీ తెచ్చుకోండి. రాగానే ఫైలు సైజును రికార్డు పొడవుతో భాగించండి. నిడివి స్థిరంగా ఉండే రికార్డులైతే శేషం సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో లైన్ ముగింపు బైట్లు చేరాయి, లేదా ఫైలు నిడివి మారే రకం. ఆ రకంలో మెయిన్‌ఫ్రేమ్ మీద ప్రతి రికార్డు ముందూ పొడవు చెప్పే 4 బైట్లు ఉంటాయి.

తెచ్చుకున్నాక కూడా ప్రతి కాంప్-3 ఫీల్డులో రెండు విషయాలు పరీక్షించండి: అంకెల స్థానాలన్నీ 0 నుంచి 9 లోపే ఉన్నాయా, చివరి అర బైటు సి, డి, ఎఫ్‌లలో ఒకటా. మిగతా గుర్తులు చట్టబద్ధమే అయినా మీ ఫైల్లో వస్తే అనుమానించాల్సిందే. 40 40 40 40 40 కనిపిస్తే అది ఎవరూ నింపని ఫీల్డు, ఖాళీలు అలాగే ఉండిపోయాయి. మెయిన్‌ఫ్రేమ్‌లో ఎస్0సి7 అబెండ్ (చెల్లని అంకెల వల్ల ప్రోగ్రాము ఆగిపోవడం) తెప్పించేది చాలావరకు ఇదే. దాన్ని సున్నాగా రాసుకోవాలా, నల్‌గా (విలువ లేనిదిగా) ఉంచాలా అన్నది బిల్లింగ్ వాళ్లను అడిగి తేల్చుకోండి, ప్రోగ్రామరు సొంతంగా నిర్ణయించకూడదు.

రెండో చిక్కు, చివర అక్షరాలు. అది జోన్డ్ డెసిమల్. కాంప్ అని రాయని ఎస్9 ఫీల్డులన్నీ ఇవే. ఒక్కో అంకెకు ఒక బైటు, చివరి అంకె బైటులోనే గుర్తు కూడా కలిసి ఉంటుంది. ప్లస్ అయితే ఎ నుంచి ఐ వరకు అక్షరాలు 1 నుంచి 9, తెరిచే మీసాల బ్రాకెట్ 0. మైనస్ అయితే జె నుంచి ఆర్ వరకు 1 నుంచి 9, మూసే మీసాల బ్రాకెట్ 0. ఎస్9(5)వి99 లో ప్లస్ 1234.56 ఉంటే 012345 పక్కన ఎఫ్ అక్షరం వస్తుంది. మైనస్ 1234.56 ఉంటే 012345 పక్కన ఇంగ్లిష్ ఓ అక్షరం వస్తుంది.

ఆ ఓ దగ్గర ఆగండి. చాలా ఫాంట్లలో అది సున్నాలాగే కనిపిస్తుంది. డేటా శుభ్రం చేసేవాళ్లు దాన్ని టైపింగ్ తప్పు అనుకుని సున్నాగా మారిస్తే మైనస్ 1234.56 ప్లస్ 1234.50 అవుతుంది. కస్టమర్‌కు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు వసూలు చేయాల్సిన బాకీగా మారుతుంది. అక్షరాలను తీసేసే ఏ స్క్రిప్టునూ ఈ కాలమ్‌ల మీద నడపకండి. జోన్డ్ ఫీల్డులు టెక్స్ట్ మార్పిడిని చాలావరకు తట్టుకుంటాయి, ప్యాక్డ్ తట్టుకోదు. ఒకే రికార్డులో రెండూ ఉంటాయి కాబట్టి కొన్ని కాలమ్‌లు బాగుండి కొన్ని పాడవుతాయి, మనుషులు తికమకపడేది అక్కడే. ఇంకో మాట: ఫైలు మెయిన్‌ఫ్రేమ్ నుంచి కాక మైక్రో ఫోకస్ కోబాల్ నుంచి వస్తే మైనస్ అంకెలు చిన్న అక్షరాలు పి నుంచి వై వరకు ఉండొచ్చు. పై పట్టిక దానికి పనికిరాదు.

కాంప్ గురించి క్లుప్తంగా: అది మామూలు బైనరీ పూర్ణాంకం, పెద్ద బైటు ముందు ఉంటుంది. 4 అంకెల దాకా 2 బైట్లు, 9 దాకా 4, 18 దాకా 8. ఇంటెల్ యంత్రంలో చదివేటప్పుడు బైట్ల వరుస తిప్పడం మరవకండి.

ఇక మూడోది, ఎక్కువ మందిని వేధించేది. ఎవరో ఒకరు ఆ సంఖ్యను డబుల్‌లో పెట్టారు. పెద్ద డేటాను నడిపే స్పార్క్‌కు సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన టెక్స్ట్ ఫైలు) ఇచ్చి రకం నువ్వే కనిపెట్టు అంటే దశాంశం ఉన్న కాలమ్‌ను సాధారణంగా డబుల్ చేస్తుంది, పైథాన్‌లోని పాండాస్ కూడా అంతే. డబుల్ అంటే 1985 నాటి ఐట్రిపుల్ఈ 754 ప్రమాణంలోని 8 బైట్ల రూపం: గుర్తుకు 1 బిట్, ఘాతానికి 11, భిన్నానికి 52. ఈ ప్రమాణం వెనుక ఉన్న విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. డబుల్‌లో లోపమేమీ లేదు. అది రెండు ఆధారంగా లెక్క పెడుతుంది, మన పైసలు పది ఆధారంగా ఉన్నాయి, అంతే తేడా.

ఒక భిన్నాన్ని కనిష్ఠ రూపంలో రాసినప్పుడు హారం 2, 4, 8, 16 లాంటి రెండు ఘాతమైతేనే బైనరీలో అది ముగుస్తుంది. 0.1 అంటే పదిలో ఒకటి, హారంలో 5 ఉంది, కాబట్టి బైనరీలో 0.000110011001100... అని అంతులేకుండా సాగుతుంది. 53 సార్థక బిట్ల దగ్గర ఆపి సవరించాలి, అంటే దగ్గరి విలువకు రౌండ్ చేయాలి. బైట్లు 3ఎఫ్ బి9 99 99 99 99 99 9ఎ. దాని అసలు విలువ 0.1000000000000000055511151231257827021181583404541015625. చివరి 9ఎ లో ఆ సవరణ కనిపిస్తోంది, లేకపోతే అక్కడ కూడా 99 ఉండేది. 0 నుంచి 99 పైసల దాకా వంద విలువల్లో డబుల్ సరిగ్గా పట్టుకోగలిగేవి 0, 25, 50, 75 మాత్రమే. మిగతా తొంభై ఆరూ దగ్గరి విలువలే.

అణాల కాలంలో ఈ ఇబ్బంది చాలావరకు ఉండేది కాదు. రూపాయికి పదహారు అణాలు, నిజాం హాలీ సిక్కాకైనా పదహారే. అణా 0.0625, బేడ 0.125, పావలా 0.25, అర్ధరూపాయి 0.5, అన్నీ బైనరీలో కచ్చితంగా కూర్చుంటాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయి వంద నయా పైసలైంది. మన జేబులకు లెక్క సులువైంది, ఐదు అనే కారణాంకం మాత్రం హారంలోకి వచ్చి చేరింది.

జీఎస్టీలో ఇది ఎలా బయటపడుతుందో చూడండి. ఇరానీ కేఫ్‌లో బిల్లు 107 రూపాయలు అనుకుందాం. 5 శాతం పన్నును కేంద్రానికి 2.5, రాష్ట్రానికి 2.5గా విడగొట్టాలి. ఒక్కోటి 2.675. డబుల్‌లో 107ను 0.025తో గుణిస్తే 2.6750000000000003 వస్తుంది, రెండు స్థానాలకు సవరిస్తే 2.68. అదే 107ను 2.5తో గుణించి 100తో భాగిస్తే నిల్వయ్యేది 2.67499999999999982..., సవరిస్తే 2.67. గణితంలో రెండూ ఒకటే. రెండు పన్నులు కలిపితే ఒక ప్రోగ్రాములో 5.36, ఇంకోదానిలో 5.34. మీకు కనిపిస్తున్న రెండు పైసలు ఈ జాతివే. ‘సవరించేముందు కొంచెం కలిపితే సరిపోతుంది’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ కొంచెం ఎంతో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, ఈ బిల్లును సరిచేసి మరో బిల్లును చెడగొడుతుంది.

డబుల్‌ను వదిలించుకున్నంత మాత్రాన పని పూర్తవదు. సవరించే పద్ధతి కూడా పాత ప్రోగ్రాముతో కలవాలి. కోబాల్‌లో రౌండెడ్ అని రాస్తే సగం వచ్చినప్పుడు సున్నాకు దూరంగా జరుపుతుంది, అది మామూలు పద్ధతి. ఆ మాట రాయకపోతే మిగిలినదాన్ని కత్తిరించేస్తుంది. పైథాన్ డెసిమల్ మాడ్యూల్ ఏమీ చెప్పకపోతే సగాన్ని సరి అంకె వైపు జరుపుతుంది. 106.60 మీద 2.5 శాతం సరిగ్గా 2.665. కోబాల్ రౌండెడ్‌తో 2.67, రౌండెడ్ లేకుండా 2.66, పైథాన్ డిఫాల్ట్‌తో 2.66. పాత సోర్సులో పన్ను లెక్క కట్టే కంప్యూట్ వాక్యం తెరిచి రౌండెడ్ ఉందో లేదో కళ్లారా చూడండి. దీని మీద ఊహాగానాలు వద్దు. చివరి పన్ను మొత్తానికి సీజీఎస్టీ చట్టం 170వ సెక్షన్ దగ్గరి రూపాయికి సవరించమంటుంది, 50 పైసలు ఆపైన అయితే రూపాయి పైకి. అంటే అక్కడ సరి అంకె పద్ధతి పనికిరాదు.

కత్తిరింపు చిన్న విషయం అనుకునేవాళ్లకు వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ చెప్పాలి. 1982లో 1000 దగ్గర మొదలైంది. ప్రతిసారీ లెక్క కట్టి మూడు దశాంశ స్థానాల తర్వాతివి కోసేశారు. 1983 నవంబరుకు 524 దగ్గరకు జారింది. సరిగ్గా లెక్కిస్తే అది 1098 దాటి ఉండాలి.

మీ పార్కెట్ ఫైలుకు నా సలహా డెసిమల్, సందేహం అక్కర్లేదు. మొత్తాలకు స్కేలు 2, పన్ను రేట్లకు, యూనిట్ ధరలకు స్కేలు 4 ఉంచండి. మొత్తం అంకెలు 9 దాకా అయితే 4 బైట్లు, 18 దాకా 8 బైట్లలో నిల్వ చేయవచ్చు, ఆపైన స్థిర పొడవు బైట్ల వరుస. 18 దాటకుండా ఉంచుకుంటే ఫైలు చిన్నగా ఉంటుంది, చదవడమూ వేగం. స్పార్క్‌లో డెసిమల్ గరిష్ఠం 38 అంకెలు. రెండు డెసిమల్‌లను గుణిస్తే ఫలితానికి స్కేళ్లు కలుస్తాయి, మొత్తం అంకెలు కూడా పెరుగుతాయి. ప్రతి మెట్టులో రకం స్పష్టంగా రాయండి. స్పార్క్‌లో ఆన్సీ మోడ్ (పట్టని సంఖ్యకు ఎర్రర్ ఇచ్చే కఠిన పద్ధతి) ఆపి ఉంటే పట్టని సంఖ్య నల్ అయిపోతుంది, మొత్తం కూడేటప్పుడు ఆ నల్ కనిపించకుండా జారిపోతుంది.

ఇంకో దారి పైసలను పూర్ణాంకంగా పెట్టడం: 14.05కు 1405. లెక్క కచ్చితం, వేగం ఎక్కువ. కానీ కాలమ్ పేరులోనే పైసలు అని ఉండాలి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు రూపాయలుగా కూడేస్తారు. సీఎస్‌వీ నుంచి డెసిమల్‌కు నేరుగా వెళ్లండి, మధ్యలో డబుల్ మజిలీ వద్దు. పైథాన్‌లో కొటేషన్లలో రాసిన 0.1 ఇచ్చి డెసిమల్ చేస్తే 0.1 వస్తుంది, కొటేషన్లు లేకుండా ఇస్తే పైన రాసిన 55 స్థానాల తోక మొత్తం వస్తుంది. జేసన్‌లోనైతే (ప్రోగ్రాములు డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) డబ్బును స్ట్రింగ్‌గానే, అంటే కొటేషన్లలో టెక్స్ట్‌గానే పంపండి, అవతల జావాస్క్రిప్ట్ ఉంటే సంఖ్యలన్నిటినీ డబుల్‌గానే చదువుతుంది.

డబుల్ లాంటిదే, సగం సైజున్న 4 బైట్ల ఫ్లోట్ డబ్బుకు అసలు వద్దు. 24 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది. 1,31,072 రూపాయలు దాటాక పక్కపక్క ఫ్లోట్ విలువల మధ్య దూరం 0.015625, అంటే పైసా కన్నా ఎక్కువ. వేర్వేరు మొత్తాలు ఒకటైపోతాయి.

అలాగని ఫ్లోట్‌ను తిట్టుకోనక్కర్లేదు. కొలతలకు అదే సరైనది. కొలిచే పరికరంలోనే అంతకన్నా ఎక్కువ పొరపాటు ఉన్నప్పుడు పదిహేడో అంకె గురించి దిగులు దేనికి? చార్మినార్ రేఖాంశం 78.47 డిగ్రీల దగ్గర పక్కపక్క 4 బైట్ల ఫ్లోట్ విలువల మధ్య దూరం 0.0000076 డిగ్రీలు, నేల మీద దాదాపు 80 సెంటీమీటర్లు. అక్షాంశం 17.36 దగ్గర 20 సెంటీమీటర్ల చిల్లర. ఆటో ఎక్కడుందో చూపించడానికి ఇది చాలు. ప్లాటు హద్దులు గీయడానికి చాలదు, అప్పుడు డబుల్ వాడండి. డబుల్‌ను టెక్స్ట్‌గా రాసి తిరిగి అదే విలువ రావాలంటే 17 సార్థక అంకెలు, ఫ్లోట్‌కైతే 9 అంకెలు రాయాలి.

పాత ఫైళ్లలో ఫ్లోట్ కనిపిస్తే ఏ ఫ్లోటో అడగండి. ఐబీఎమ్ 1964 నాటి సిస్టమ్/360 నుంచి 16 ఆధారంగా ఉండే సొంత రూపం వాడింది. మెయిన్‌ఫ్రేమ్ కోబాల్‌లో కాంప్-1, కాంప్-2 అంటే అదే. అందులో 1.0 బైట్లు 41 10 00 00. వాటిని ఐట్రిపుల్ఈగా చదివితే 9.0 వస్తుంది. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) లాంటి చోట్ల భూకంప తరంగాల డేటాతో పనిచేసేవాళ్లకు ఇది పాత పరిచయమే. ఆ డేటాను దాచే సెగ్-వై ఫైల్లో 3225, 3226 బైట్లలో ఉండే కోడు 1 అయితే ఐబీఎమ్ ఫ్లోట్, 5 అయితే ఐట్రిపుల్ఈ. మీ కాపీబుక్‌లో కాంప్-1 ఒక్కటి ఉన్నా మామూలు రీడర్‌ను నమ్మకండి.

మార్చాక సరిచూడడం ఇలా చేయండి. పాత మెయిన్‌ఫ్రేమ్‌లోనే ప్రతి మొత్తం కాలమ్‌కు మూడు సంఖ్యలు తీయించండి: రికార్డుల లెక్క, ప్లస్‌ల మొత్తం, మైనస్‌ల మొత్తం. పార్కెట్ వైపు అవే మూడూ డెసిమల్‌లో తీయండి. ప్లస్, మైనస్ విడిగా తీయడం వల్ల గుర్తు తప్పినవి వెంటనే దొరుకుతాయి, నికర మొత్తం ఒక్కటే చూస్తే ఒకదాన్నొకటి కప్పేసుకోవచ్చు. పైసా తేడా ఉన్నా ఆమోదించకండి, ఎందుకంటే డెసిమల్ నుంచి డెసిమల్‌కు పోతున్న డేటాలో ఒక్క పైసా తేడా రావడానికి న్యాయమైన కారణం లేదు. తేడా వస్తే నెలవారీగా, తర్వాత బ్యాచ్‌వారీగా విడగొట్టుకుంటూ వెళ్లండి, రికార్డు దొరుకుతుంది. దొరికాక దాని హెక్స్ డంప్ (బైట్లను హెక్సాలో ఉన్నదున్నట్టు చూపేది) చూడండి, పైన చెప్పిన మూడింటిలో ఏదో ఒకటి అక్కడ కనబడుతుంది.

ఈ సరిచూసే పనిలో సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. ఎక్సెల్ 15 సార్థక అంకెలే ఉంచుతుంది, 16 అంకెల కార్డు నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. 12 అంకెల సర్వీసు నంబరు 1.23457ఇ+11 లాగా కనిపిస్తే, సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు కనిపించేదే ఫైల్లోకి వెళ్తుంది, మిగతా అంకెలు పోతాయి. ముందున్న సున్నాలు కూడా పోతాయి. చూడాల్సి వస్తే డేటా ఇంపోర్ట్ దారిలో వెళ్లి ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా ఎంచుకోండి, చూశాక సేవ్ చేయకుండా మూసేయండి.